మద్రాసులో ఉంటూ స్పెషల్ టీచరో, సైకియాట్రిక్ సోషల్ వర్కరో అవ్వాలనుకుంటే

ఫీజు కట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. మీరుండే ఏరియాలో ఏదో ఒక స్పెషల్ స్కూలుకో, డే కేర్ సెంటర్‌కో, మానసిక జబ్బు ఉన్నవాళ్ళ పునరావాస కేంద్రానికో వెళ్ళండి. జీతం వద్దు, రెండు మూడు నెలలు వారానికి ఒకట్రెండు రోజులు వస్తాను, ఏ పని చెప్తే అది చేస్తాను అని అడగండి. మొదటి రోజే మీకు ఎవరినీ అప్పగించరు. ఆధార్ జిరాక్స్ తీసుకుంటారు, ఫోన్ బ్యాగులో పెట్టేయమంటారు, ఓ మూల కుర్చీ వేసి చూడమంటారు. చూడండి. పిల్లలు వ్యాన్ దిగేటప్పుడు చూడండి, అన్నం దగ్గర చూడండి, మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి పిల్లలూ టీచర్లూ అందరూ విసిగిపోయి ఉన్నప్పుడు ఇంకా బాగా చూడండి. చొంగ కారుతుంది, బట్టలు తడుస్తాయి, ఒకే ప్రశ్న పొద్దున్నించి సాయంత్రం దాకా వినపడుతుంది, ఉన్నట్టుండి ఎవరో మీ చెయ్యి గీరేస్తారు. వీటికి చిరాకు వచ్చినంత మాత్రాన మీరు ఈ పనికి పనికిరారని కాదు. సాయంత్రం బస్సులో ఇంటికెళ్తూ, ఫ్యాన్ వేయగానే ఆ అబ్బాయి చెవులెందుకు మూసుకున్నాడా అని మీ అంతట మీరే ఆలోచిస్తున్నారా లేదా, అది చూసుకోండి.

ఎందుకు చెప్తున్నానంటే, కొత్తగా వచ్చే ప్రతివాళ్ళూ 'నాకు సేవాభావం ఎక్కువండీ' అనే మొదలుపెడతారు. అది ఉంటే మంచిదే, కానీ ఆరు నెలలు పనిచేసినా పిల్లాడు చొక్కా బొత్తాం ఒక్కటి కూడా పెట్టుకోలేనప్పుడు సేవాభావం ఉన్నవాళ్ళే ముందు నీరసపడిపోతారు. కారణాలు వెతికే బుద్ధి ఉన్నవాళ్ళు నిలబడతారని నా గట్టి నమ్మకం. ఇంట్లో ఇలాంటి తమ్ముడో అక్కో ఉండి, వాళ్ళని చూసుకున్న అనుభవంతో ఈ దారి పట్టేవాళ్ళు కూడా చాలామందే. వాళ్ళకి సగం పని ముందే వచ్చు. అయితే పగలంతా సెంటర్లో అదే, రాత్రంతా ఇంట్లోనూ అదే అయితే మనిషికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీదు, ఆ లెక్క ముందే వేసుకోండి.

ఎవరేం చేస్తారో తెలుసుకోండి

చాలామంది అన్నిటికీ కలిపి 'కౌన్సెలింగ్' అనేస్తారు. కాదు. బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లలకి, ఆటిజం, చెవుడు, చూపు లేని పిల్లలకి చదువూ రోజువారీ పనులూ నేర్పేది స్పెషల్ ఎడ్యుకేటర్. ఇంటర్ తర్వాత రెండేళ్ళ డిప్లొమా చేసి మొదలుపెట్టొచ్చు, డిగ్రీ ఉంటే స్పెషల్ బీఎడ్. చేతులు వాడటం, తినడం, బట్టలేసుకోవడం, పనికి పనికొచ్చేలా ఇంటినీ కుర్చీనీ మార్చడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని, మనం ఓటీ అనేది వీళ్ళనే. నడక, కండరాలు ఫిజియో చూస్తారు. మాట, వినికిడి స్పీచ్ థెరపిస్టు. ఈ మూడూ నాలుగేళ్ళు, అంతకంటే కొంచెం పైన పట్టే డిగ్రీలు, ఓటీకీ ఫిజియోకీ బైపీసీ వైపు నుంచి రావాలి. మందులు రాయడం సైకియాట్రిస్టు ఒక్కరే చేస్తారు, అంటే ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసినవాళ్ళు. పరీక్షలు పెట్టి అంచనా వేయడం, సైకోథెరపీ చేయడం క్లినికల్ సైకాలజిస్టు పని. పేషెంటు ఇల్లు, పెళ్ళి, ఉద్యోగం, పింఛను, అన్నదమ్ముల గొడవ, వీటన్నిటి మధ్యా తిరిగేది సైకియాట్రిక్ సోషల్ వర్కర్. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళకి సైకియాట్రిక్ నర్సింగ్‌లో పీజీ ఉంది, ఈ దారి గురించి మనవాళ్ళు ఎందుకో ఆలోచించరు గానీ ఉద్యోగానికి ఇదే అన్నిటికంటే గట్టి దారి అనిపిస్తుంది నాకు.

పెద్ద చదువు వద్దు, త్వరగా పనిలోకి దిగాలి అనుకునేవాళ్ళకి కేర్ గివర్ శిక్షణలు ఉన్నాయి. 2021లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ (దీని గురించి కింద చెప్తాను), మెల్‌బోర్న్ యూనివర్సిటీ కలిసి సీబీఐడీ అనే ఆరు నెలల కోర్సు మొదలుపెట్టాయి, ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి వికలాంగులకి సాయపడే వర్కర్ల కోసం. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ 'సహయోగి' కూడా కేర్ గివర్ల శిక్షణ కోసం పెట్టిన పథకమే.

గుర్తింపు విషయంలో మొహమాటపడొద్దు

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పొట్టిగా ఆర్‌సీఐ, 1992 చట్టంతో వచ్చింది. స్పెషల్ టీచర్లు, స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు లాంటివాళ్ళంతా దాని రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలో, వెయ్యి రూపాయల వరకు జరిమానానో, రెండూనో అని ఆ చట్టంలోనే ఉంది. వెయ్యి రూపాయలేగా అని నవ్వుకోకండి, గుర్తింపు లేని కోర్సు చేస్తే అసలు నష్టం వేరే ఉంది: రెండేళ్ళు పోతాయి, లక్షలు పోతాయి, ఏ ప్రభుత్వ పోస్టుకీ అప్లికేషన్ చెల్లదు. కాబట్టి కాలేజీ గోడ మీద బ్యానర్ చూసి చేరకండి. ఆర్‌సీఐ సైటులో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు, మీరు చేరే విద్యా సంవత్సరం, మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. కాలేజీకి ఒక కోర్సుకి అనుమతి ఉంటుంది, పక్క కోర్సుకి ఉండదు, బ్రోషర్‌లో మాత్రం రెండూ ఒకే లోగో కింద ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ తీసుకుని 'సైకాలజిస్ట్' అని బోర్డు పెట్టేసుకున్నవాళ్ళని మీరు చూసే ఉంటారు, వాళ్ళని చూసి మాత్రం నేర్చుకోవద్దు.

ఫిజియో, ఓటీ లాంటి కోర్సులకి 2021లో వేరే చట్టం వచ్చింది, నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ అని. నియమాలు మారుతూ వస్తున్నాయి. ఎం.ఫిల్ సంగతీ అంతే. యూజీసీ ఎం.ఫిల్ డిగ్రీనే ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025–26 విద్యా సంవత్సరం దాకా గడువు ఇచ్చింది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చూస్తే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎం.ఎస్.డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పైన ఆ ఎం.ఫిల్ కూడా ఉన్నవాళ్ళు. అందుకే మీ సీనియర్ అక్క నడిచిన దారి మీకూ అచ్చంగా పనికొస్తుందని నమ్మి కూర్చోకండి, ఆ ఏటి నోటిఫికేషన్ చదవండి.

చెన్నైలో ఎక్కడెక్కడ

తిరువాన్మియూర్ నుంచి మహాబలిపురం వైపు వెళ్ళే బస్సెక్కితే ఈసీఆర్ మీద ముట్టుకాడు వస్తుంది. బోట్ హౌస్ చూడ్డానికి అందరూ వెళ్ళే ఊరే. అక్కడే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఎండీ ఉంది, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం 2005లో పెట్టారు. స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా, బీఎడ్, చిన్నపిల్లల్లో వైకల్యాన్ని ముందే గుర్తించి పనిచేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ కోర్సు, థెరపీ డిగ్రీలు అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఫీజు విషయంలో ప్రైవేటుతో పోలిస్తే ఇదే నయం. పైగా పొద్దున్న క్లాసులో విన్నది మధ్యాహ్నం అక్కడి ఓపీలోనే కళ్ళతో చూడొచ్చు. కొట్టూర్‌పురంలో విద్యాసాగర్ ఉంది, 1985లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం) ఉన్న పిల్లలతో మొదలైంది. మాట రాని పిల్లలు బొమ్మల బోర్డుతో, మెషీన్‌తో ఎలా మాట్లాడతారో తెలియాలంటే అలాంటి చోట కూర్చుని చూడాల్సిందే.

మానసిక జబ్బుల వైపు వస్తే అన్నా నగర్ వెస్ట్‌లో స్కార్ఫ్. డాక్టర్ శారదా మీనన్ 1984లో మొదలుపెట్టారు, స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడే, లేనిపోని అనుమానాలు వచ్చే మానసిక జబ్బు) మీద పరిశోధన, పునరావాసం రెండూ చేస్తారు. బాన్యన్‌ని వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో పెట్టారు, మానసిక జబ్బుతో వీధుల్లో తిరుగుతున్న ఆడవాళ్ళ కోసం. వాళ్ళ 'హోమ్ ఎగైన్' పద్ధతి తప్పకుండా తెలుసుకోండి: ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్ళు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు అద్దె ఇంట్లో ఉంటారు, తోడుగా ఒక వర్కర్ ఉంటుంది. ఇక కీళ్‌పాక్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, దాని మూలం 1794 నాటిది. హైదరాబాదులో ఎర్రగడ్డ అని వెక్కిరించినట్టే ఇక్కడ కీళ్‌పాక్ అని వెక్కిరిస్తారు. మీరు ఈ లైన్లోకి వస్తున్నానని చెప్పగానే బంధువుల్లో ఒకరైనా ఆ జోకు వేస్తారు, సిద్ధంగా ఉండండి. సోషల్ వర్క్ చదవాలంటే ఎగ్మోర్‌లో 1952 నుంచి ఉన్న మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఉంది. లయోలా, స్టెల్లా మారిస్, క్రిస్టియన్ కాలేజీల్లోనూ ఎం.ఎస్.డబ్ల్యూ ఉంది. ఎక్కడ చేరినా ఫీల్డ్ వర్క్ ఎక్కడ వేస్తారో, సూపర్‌వైజర్ వారానికి ఎన్నిసార్లు కూర్చుంటారో అడగండి, ర్యాంకింగ్ కంటే అదే ముఖ్యం. ఆరు గంటల రైలు ప్రయాణానికి ఓకే అంటే మానసిక ఆరోగ్యానికి పేరున్న బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా ఉంది, ఎంట్రన్స్ గట్టి పోటీ.

 

అసలు నేర్చుకునేది ఏంటి

శిక్షణలో మొదటి కష్టం చేతులు కట్టుకుని నిలబడటం. నవ్వుతారేమో గానీ నిజంగా అంతే. పదిహేనేళ్ళ అబ్బాయి టీ గ్లాసు ఎత్తడానికి తంటాలు పడుతుంటే మన చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, అత్త అందరూ అదే చేశారు కాబట్టే పదిహేనేళ్ళొచ్చినా వాడికి గ్లాసు ఎత్తడం రాలేదు.

పని నేర్పడానికి ముందు ఆ పనిని ముక్కలు చేస్తారు. పళ్ళు తోముకోవడం అని మనం ఒక్క మాటలో అనేస్తాం. కాగితం మీద రాసి చూడండి: బ్రష్ తీయడం, తడపడం, పేస్టు మూత తిప్పడం, వేలితో నొక్కడం, ఎంత నొక్కాలో ఆపడం, మూత పెట్టడం, నోట్లో పెట్టుకోవడం, ఎడమవైపు, కుడివైపు, పైన, కింద, ఉమ్మడం, పుక్కిలించడం, బ్రష్ కడగడం, స్టాండులో పెట్టడం. ఇందులో పిల్లాడికి ఏవి వచ్చు, ఏవి చెయ్యి పట్టి చేయించాలి, ఏవి వేలు చూపిస్తే చాలు, ఏవి నోటితో చెప్తే చాలు, ఒక్కోదానికీ ఎదురుగా రాసుకుంటారు. చాలాసార్లు చివరి మెట్టు నుంచి నేర్పడం మొదలుపెడతారు. అంటే అన్నీ మనం చేయించి, ఆఖరున బ్రష్ స్టాండులో పెట్టడం ఒక్కటి వాడికి వదిలేస్తాం. పని పూర్తిచేసింది వాడే అవుతాడు, ఆ సంతోషం వాడిదే అవుతుంది. అది వచ్చాక దాని ముందు మెట్టు, ఆ తర్వాత దాని ముందుది. సాయం తగ్గించడం కూడా ప్లాన్ ప్రకారమే, చెయ్యి పట్టడం నుంచి మోచేయి తాకడానికి, అక్కణ్ణించి కళ్ళతో సైగ చేయడానికి. ఈ ఒక్క పద్ధతి గట్టిగా పట్టుకుంటే ఇడ్లీ తినడం నేర్పినా, బస్సు టికెట్ కొనడం నేర్పినా అదే పనికొస్తుంది. అది పట్టుకోకుండా ఏళ్ళు పనిచేసినా ఉత్త ఆయాలాగే మిగిలిపోతారు. (ఆయా పని తక్కువని కాదు, సగం సెంటర్లు నడిచేదే ఆయమ్మల మీద, పిల్లల గుట్లు వాళ్ళకి తెలిసినంత మనకి తెలియవు, వెళ్ళి అడిగి నేర్చుకోండి.)

రెండోది, కొట్టడం, కొరకడం, అరవడం లాంటివి వస్తే కారణం వెతకడం. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, పుస్తకంలో టైముతో సహా రాయాలి. ఒకమ్మాయి రోజూ పదకొండింటికి తల గోడకి కొట్టుకుంటుంది అనుకోండి. పదకొండింటికి ఏముంది? పక్క గదిలో మిక్సీ వేస్తారేమో, రాయడం పీరియడ్ అయి ఉండొచ్చు, పుచ్చిపోయిన పన్ను నొప్పి కావచ్చు, కొట్టుకోగానే టీచర్ పరిగెత్తుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుందేమో. మాట రాని పిల్లల విషయంలో మొదట చూడాల్సింది శరీరమే: చెవి పోటు, మలబద్ధకం, పన్ను, నెలసరి. అన్నీ వదిలేసి 'మొండి' అని రిజిస్టర్లో రాసేవాళ్ళని మీరు ఎలాగూ చూస్తారు.

చేతి పనులు కొన్ని ఉంటాయి, ఇవి చూసి నేర్చుకోవాల్సినవే, చదివితే రావు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకి తల వెనక్కి వాల్చి అన్నం పెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, చెంచా ఎదురుగా తీసుకురావాలి, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. కదల్లేనివాళ్ళని సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పుండ్లు పడతాయి. చక్రాల కుర్చీ నుంచి మంచం మీదికి మార్చే ముందు బ్రేకులు వేశారా అని చూడటం, నడుముతో కాకుండా మోకాళ్ళు వంచి లేపడం, ఇవి రాకపోతే నలభై ఏళ్ళకే మీ నడుము పోతుంది. ఫిట్స్ వస్తే మన ఊళ్ళలో తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, నోట్లో చెంచా కుక్కుతారు. ఏదీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గట్టి వస్తువులు పక్కకి జరిపి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితేనో, ఒకదాని వెంట ఒకటి వస్తేనో 108కి ఫోన్.

మానసిక జబ్బు వైపు వెళ్ళేవాళ్ళకి

ఇక్కడ శిక్షణ సగం చెవులకీ, సగం నోటికీ. పోలీసులు నన్ను వెంటాడుతున్నారు అని ఒకాయన అంటే, అదేం లేదండీ అని వాదించకూడదు, అవునవును అని తలూపకూడదు కూడా. 'అలా అనిపిస్తుంటే రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోందండీ, భయమేయట్లేదా' అని భయం దగ్గరికి వెళ్ళాలి. మొదట్లో నాలుక తిరగదు, తోటివాళ్ళతో పాత్రలు మార్చుకుని మళ్ళీ మళ్ళీ ప్రాక్టీస్ చేయించేది ఇందుకే.

చనిపోవాలని ఉందా అని సూటిగా అడగడం నేర్పుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్ళంతా భయపడతారు. పుట్టదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకండి. ఉందని చెప్తే ఒంటరిగా వదలకుండా అప్పుడే మీ సీనియర్‌కి చెప్పాలి, రేపు మీటింగులో చెప్దాంలే అనుకోకూడదు. తెలుగులో కూడా మాట్లాడే టెలీ మానస్ నంబర్ 14416, 2022 అక్టోబర్ 10న మొదలైంది, అది ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి. ఆ సెంటర్లలో కౌన్సెలర్ ఉద్యోగాలు కూడా పడుతుంటాయి.

మందులు మీరు రాయరు, కానీ ఇరవై నాలుగు గంటలూ మనిషిని చూసేది మీరే కాబట్టి తేడా ముందు మీ కంటే పడుతుంది. ఒకాయన కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే అది జబ్బు పెరిగి కాకపోవచ్చు, మందు వల్ల కాళ్ళు నిలవకపోవడం కావచ్చు. మూడ్ విపరీతంగా మారే జబ్బుకి ఇచ్చే లిథియం వేసుకునేవాళ్ళని మద్రాసు ఎండాకాలంలో, ముఖ్యంగా మే నెల అగ్ని నక్షత్రం రోజుల్లో ఓ కంట కనిపెట్టాలి. ఒంట్లో నీళ్ళు తగ్గితే, వాంతులు విరేచనాలు అయితే, ఉపవాసం పేరుతో ఏమీ తాగకపోతే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పరుగే. స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజపైన్ వేసుకునేవాళ్ళకి రక్తపరీక్షలు తప్పకుండా చేయించాలి, జ్వరం గొంతునొప్పి వస్తే క్రోసిన్ ఇచ్చి ఊరుకోకూడదు.

స్కిజోఫ్రీనియాలో గొంతులు వినపడటం తగ్గాక కూడా స్నానం చేయకపోవడం, మంచం దిగకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం మిగిలిపోతాయి. అది కూడా జబ్బే. ఇంట్లోవాళ్ళు బద్ధకం అంటారు, 'తిని పడుకుంటున్నాడు' అంటారు. రోజంతా తిట్లు వినపడే ఇళ్ళలో, లేదా ప్రతి ముద్దా తల్లే నోట్లో పెట్టే ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. అందుకని మీ పనిలో సగం ఆ తండ్రి గొంతు తగ్గించడం, ఆ తల్లి చేతులు ఆపడం. ఒక్కొక్కరికీ జబ్బు తిరగబెట్టే ముందు ఒక గుర్తు ఉంటుంది, చాలామందిలో నిద్ర తగ్గడం. ఆ గుర్తు ఏంటో పేషెంటుతోనే, ఇంట్లోవాళ్ళతోనే కూర్చుని రాయించి పెట్టుకోండి.

చట్టాలూ కాగితాలూ

బోర్ కొడుతుంది కానీ తప్పదు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఎర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఎవరినీ ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదని చెప్పడం వెనక ఇలాంటి చరిత్ర ఉంది. మత్తు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ కూడా నిషేధం. పేషెంటు వివరాలు గోప్యం, అనుమతి లేకుండా ఫొటో బయటికి పోకూడదు. కాబట్టి సంక్రాంతికి సెంటర్లో తీసిన గ్రూప్ ఫొటో వాట్సాప్ స్టేటస్‌గా పెట్టకండి, ఎంత ముద్దుగా వచ్చినా సరే. పిల్లలతో పనిచేస్తే పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించింది) తెలిసి ఉండాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ రిపోర్టు చేయకపోతే మీ మీదే కేసు. స్నానం, టాయిలెట్ దగ్గర ఎవరు ఉండాలి, తలుపు ఎలా ఉండాలి అని సెంటర్ నియమం ఏదో మొదటి వారమే అడిగి తెలుసుకోండి, అలాంటి నియమమే లేదంటే అక్కడ చేరడం గురించి ఇంకోసారి ఆలోచించండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, మానసిక జబ్బు కూడా వాటిలో ఉంది. 40 శాతం, ఆ పైన ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత చదువుల్లో 5 శాతం రిజర్వేషన్. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు ఎలా అప్లై చేయాలో మీకు చెయ్యి తిరిగి ఉండాలి. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఇస్తుంది గానీ అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి మాత్రమే, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకి రాదు. ఈ తేడా తెలియక తిరిగి తిరిగి అలిసిపోయే కుటుంబాలు ఎన్నో. 'మేం పోయాక వీడికెవరమ్మా' అని ప్రతి తల్లీ ఏదో ఒక రోజు అడుగుతుంది. దేవుడున్నాడు అనేసి తప్పించుకోకుండా, పద్దెనిమిదేళ్ళు నిండాక లోకల్ లెవెల్ కమిటీ (నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే కమిటీ) దగ్గర గార్డియన్‌ని ఎలా నియమించుకోవాలో వివరంగా చెప్పగలగాలి. ఎప్పటికి మామూలవుతాడు అని అడిగితే మాత్రం తేదీలు చెప్పకండి.

తెలుగు, తమిళం

తమిళం రాకుండా ఇక్కడ ఈ పని చేయలేరు. చదవడం రాయడం మెల్లగా వస్తుంది, ముందు మాట్లాడటం నేర్చుకోండి: తిన్నారా, నిద్ర పట్టిందా, ఎక్కడ నొప్పి, ఎవరైనా కొట్టారా. కేసు నోట్సు చాలాచోట్ల ఇంగ్లీషులోనే రాస్తారు. అదే సమయంలో మీ తెలుగు మీకు పెట్టుబడి. సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల దొరికే మనుషుల్లో మనవైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు ఉంటారు. ఊరి పేరు చెప్పలేనివాళ్ళు కూడా పక్క ఊరి తిరునాళ్ళ గురించో, కాలవ గురించో, వాళ్ళ యాసలో ఒక ముక్క చెప్తే అది కడప వైపో శ్రీకాకుళం వైపో పట్టుకోగలిగేది మీరే. ఉత్తర చెన్నైలో తెలుగు మాట్లాడే పారిశుధ్య కార్మికుల కుటుంబాలు చాలా ఉన్నాయి, క్లినిక్‌లో తమిళంలో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్న తల్లి తెలుగు వినగానే గంట మాట్లాడుతుంది. ఇంటర్వ్యూలో ఈ సంగతి మీరే చెప్పండి, వాళ్ళు అడగరు.

జీతం, ఉద్యోగం

మొదటి జీతం చూసి ఇంట్లోవాళ్ళు మొహం చిట్లిస్తారు. స్వచ్ఛంద సంస్థల్లో తక్కువే, ప్రైవేటు థెరపీ సెంటర్లలో కాస్త మెరుగు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలోనే. గవర్నమెంటు స్కూళ్ళలో స్పెషల్ టీచర్ పోస్టుకి ఆర్‌సీఐ నంబర్ అడుగుతారు. చేరేముందు మూడు విషయాలు అడగండి: ఒక్కరికి ఎంతమంది పిల్లలు లేదా పేషెంట్లు, రాత్రి డ్యూటీలో ఇంకెవరుంటారు, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది. మూడోదానికి నసిగితే లేచి వచ్చేయండి. వారానికొకసారి సీనియర్‌తో కూర్చుని కేసులు మాట్లాడుకునే అలవాటు లేని చోట ఏడాది మించి ఉండొద్దని నా సలహా, విన్న బాధంతా లోపలే పెట్టుకుంటే నిద్ర కరువయ్యేది మీకే.

కోర్సు అయ్యి ఫలితాలు వచ్చాక ఆలస్యం చేయకుండా మార్కుల లిస్టు, ప్రొవిజనల్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టుకుని ఆర్‌సీఐ రిజిస్టర్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేయండి. పేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉందో అలాగే ఇవ్వండి, మన ఇంటిపేర్లూ ఇనిషియల్సూ ముందూ వెనకా పడి చాలా అప్లికేషన్లు ఆగిపోతాయి. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యూవల్, దానికి ఈలోపు సీఆర్‌ఈ శిక్షణలకి (రిజిస్టరైనవాళ్ళ కోసం మధ్యమధ్యలో పెట్టేవి) హాజరై వంద పాయింట్లు పోగేసుకోవాలి. ఆ సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి.